96 ఎపిసోడ్ల ఎదురుచూపు: ‘మెజోన్ ఇక్కొకు’ క్యాసెట్లు, డిస్కుల కథ

అందరికీ నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్ గురించి. దాని పేరు ‘మెజోన్ ఇక్కొకు’. 1986 మార్చి 26న జపాన్‌లో ఫుజి టీవీలో మొదలైంది, 1988 మార్చి 2న ముగిసింది. బుధవారం రాత్రి ఏడున్నరకి వచ్చేది. మొత్తం 96 ఎపిసోడ్లు. కథ ఏమిటని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. ఒక కుర్రాడు ఒకామెను ప్రేమిస్తాడు. ఆ మాట అతను గట్టిగా చెప్పడానికీ, ఆమె సరే అనడానికీ ఏళ్లు పడుతుంది. అంతే.

మరి ఇంత చిన్న కథకి 96 ఎపిసోడ్లు ఎందుకు? మధ్యలో కొన్ని వదిలేసి చూస్తే పోయేదేముంది? అనిమే కొత్తగా చూస్తున్న పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఫైట్లున్న సీరియల్ అయితే మధ్యలో పది ఎపిసోడ్లు వదిలేసినా, ఎవడు ఎవణ్ని ఓడించాడో ఎవరైనా చెబితే సరిపోతుంది. రొమాంటిక్ కామెడీకి అది కుదరదు. అందులో పెద్ద సంఘటనలంటూ ఉండవు. ఉన్నదంతా చిన్న చిన్నవే. ఒక అలక, ఒక ఫోన్ కాల్, చెప్పబోయి మింగేసిన ఒక మాట. అవి పోగుపడాలి. ఎనభయ్యో ఎపిసోడ్‌లో ఆమె ఒక క్షణం ఆగి అతని వైపు చూస్తే మన గుండె ఎందుకు కొట్టుకుంటుందంటే, అంతకు ముందు ఆమె చూడకుండా వెళ్లిపోయిన సందర్భాలన్నీ మనకి గుర్తున్నాయి కాబట్టి. ఈ కథకి పొడవే ప్రాణం. అందుకే దీన్ని వరసగా, పూర్తిగా, కావాలనుకున్నప్పుడు మళ్లీ చూసుకునే వీలు ఎవరు కల్పించారు, ఎలా కల్పించారు, ఎక్కడ చెడగొట్టారు అన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం. క్యాసెట్లు, లేజర్ డిస్కులు, డీవీడీలు లేకుండా ఈ సీరియల్ ఇవాళ మన ముందు ఉండేది కాదు.

ముందు కథలోకి వెళ్దాం.

టోక్యో పరిసరాల్లో తొకెయిజాకా అనే ఊహాజనితమైన పేట. అక్కడ ఒక పాత చెక్క మేడ, అందులో అద్దె గదులు. పైన ఒక గడియారం ఉంటుంది కానీ అది నడవదు. ఐదో నంబరు గదిలో గొదాయ్ యూసాకు అనే కుర్రాడుంటాడు. నిఈగతా వైపు నుంచి వచ్చాడు, ఇంటి దగ్గర వాళ్లది భోజన హోటల్. యూనివర్సిటీ ఎంట్రన్స్ ఒకసారి తప్పాడు, మళ్లీ రాయడానికి చదువుతున్నాడు. మన దగ్గర ఈఏపీసెట్‌కీ నీట్‌కీ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చున్న పిల్లలు ఎలా ఉంటారో తెలుసు కదా. ఇంటికి ఫోన్ చేయాలంటే మొహం చెల్లదు, పుస్తకం తెరిస్తే నిద్ర వస్తుంది, ఎవరైనా ‘ఎలా చదువుతున్నావ్’ అంటే ఒళ్లు మండుతుంది. అచ్చం ఆ పరిస్థితి.

పక్క గదుల వాళ్లు అతణ్ని చదువుకోనివ్వరు. ఒకటో నంబరులో ఇచినోసె అనే ఆవిడ, సీసా చేతిలో పడితే చాలు విసనకర్రలు పట్టుకుని చిందులేస్తుంది. నాలుగో నంబరు యోత్సుయా. ఈయన ఏం పని చేస్తాడో చివరి దాకా ఎవరికీ తెలియదు. తన గదికీ గొదాయ్ గదికీ మధ్య గోడకి కన్నం పెట్టి అందులోంచే రాకపోకలు సాగిస్తాడు. ఆరో నంబరు అకెమి, బార్‌లో పని. వీళ్లందరికీ తాగడానికి నచ్చిన చోటు గొదాయ్ గదే. పరీక్ష ముందు రోజైనా సరే. భరించలేక ఒకరోజు సామాను సర్దుకుని వెళ్లిపోబోతుంటే, అప్పుడే తలుపు తెరుచుకుని ఒక యువతి, ఆమెతో పాటు పెద్ద తెల్ల కుక్క లోపలికొస్తాయి. కొత్త కేర్‌టేకర్‌ని నేనే అంటుంది. గొదాయ్ ఇక ఎక్కడికీ వెళ్లడు.

ఆమె క్యోకో ఒతొనాషి. గొదాయ్ కంటే రెండేళ్లు పెద్ద. కొన్ని ఎపిసోడ్ల తర్వాత మనకి తెలిసేది ఏమిటంటే ఆమె భర్త చనిపోయాడు. స్కూల్లో తనకి పాఠం చెప్పిన సొయిచిరోని, ఇంట్లో వాళ్లు వద్దన్నా పట్టుబట్టి పెళ్లి చేసుకుంది. పెళ్లయి ఏడాది తిరక్కుండానే అతను పోయాడు. ఆ మేడ ఆమె మామగారిదే. కోడలు దిగులుతో కుంగిపోకుండా ఏదో ఒక పని ఉండాలని ఆయనే ఆమెకి ఆ బాధ్యత అప్పజెప్పాడు. ఇక ఆ కుక్క సంగతి. సొయిచిరో ఒక వీధికుక్కని తెచ్చి దానికి షిరో అని పేరు పెట్టాడు. అదేమో ఆ పేరుకి పలకదు. క్యోకో భర్తని ‘సొయిచిరో గారూ’ అని పిలిస్తే మాత్రం పరుగెత్తుకొస్తుంది. అతను పోయాక ఆ పేరు కుక్కకే మిగిలింది. రోజూ వాకిట్లో నిలబడి ఆమె ఆ పేరు పిలుస్తూనే ఉంటుంది. గొదాయ్ ఆ పిలుపు వింటూనే ఉంటాడు. ఇది చూసి ముందు నవ్వుతాం. కొన్నాళ్లకి నవ్వలేం.

నాకు ఈ కథలో బాగా నచ్చినది ఒకటి చెబుతాను. క్యోకో మళ్లీ పెళ్లి చేసుకోవడానికి అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు. కన్నవాళ్లు చేసుకోమని వెంటపడతారు, మామగారు కూడా నీ జీవితం నువ్వు చూసుకోమ్మా అంటాడు. అడ్డంతా ఆమె మనసులోనే ఉంది. ఇంకొకరిని ప్రేమిస్తే, అంతకు ముందు సొయిచిరో మీద పెట్టుకున్న ప్రేమ అబద్ధమైపోతుందేమోనని ఆమె భయం. ఒక హాస్య సీరియల్ ఇంత బరువైన భయాన్ని మధ్యలో పెట్టుకుని, దాని చుట్టూ ఇన్ని నవ్వులు పూయించడం చిన్న విషయం కాదు. అలాగని క్యోకోని దేవతని చేయలేదు. ఆమెకి అసూయ ఎక్కువ, మొండితనం ఇంకా ఎక్కువ. కోజుఎ అనే అమ్మాయితో గొదాయ్ మాట్లాడితే చాలు రెండు రోజులు ముభావంగా ఉంటుంది, ఎందుకని అడిగితే ఏమీ లేదంటుంది. గొదాయ్ కూడా తక్కువ తినలేదు, కోజుఎకి ‘లేదు’ అని ఒక్క మాట చెప్పలేక ఏళ్లు నెట్టుకొస్తాడు. పోటీకి మితాకా అనే టెన్నిస్ కోచ్. డబ్బున్నవాడు, అందగాడు, నవ్వితే పళ్లు మెరుస్తాయి, మనిషి కూడా మంచివాడే. అతనికున్న ఒకే ఒక్క బలహీనత కుక్కలంటే చచ్చేంత భయం. క్యోకో పక్కన ఎప్పుడూ ఉండేది ఆ కుక్కే.

ఈ కథ రాసి బొమ్మలు గీసినావిడ రుమికో తకహాషి. 1980లో ‘బిగ్ కామిక్ స్పిరిట్స్’ అనే పత్రికలో మొదలుపెట్టి 1987 దాకా నడిపింది. అదే కాలంలో ఇంకో వారపత్రికలో ‘ఉరుసెయ్ యాత్సురా’ కూడా ఆవిడే గీస్తోంది. ఒక చేత్తో గ్రహాంతరవాసుల అల్లరి, ఇంకో చేత్తో ఈ అద్దె గదుల కథ. మెజోన్ ఇక్కొకులో పాత్రలకి వయసు పెరుగుతుంది. పత్రిక చదివేవాళ్లకి ఏడేళ్లు గడిస్తే గొదాయ్‌కీ దాదాపు అన్నేళ్లూ గడిచాయి. ఎంట్రన్స్ పాసయ్యాడు, ఒక మామూలు యూనివర్సిటీలో చేరాడు, డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకలేదు, చిన్నపిల్లల బడిలో పని దొరికి అదీ పోయింది, క్యాబరేలో పనిచేసే ఆడవాళ్ల పిల్లల్ని చూసుకునే పని చేశాడు, అది చేస్తూనే చిన్నపిల్లల టీచర్ కావడానికి పరీక్ష రాశాడు. అప్పటి పాఠకుల్లో చాలామంది అదే వయసు వాళ్లు, అవే కష్టాలు పడుతున్నవాళ్లు.

టీవీకి తీసింది స్టూడియో దీన్. అదే బుధవారం స్లాట్‌లో అప్పటిదాకా నడిచింది కూడా తకహాషి కథే, ఉరుసెయ్ యాత్సురా. అది అయిపోగానే ఇది వచ్చింది. అందుకే మొదటి 26 ఎపిసోడ్లలో ఆ పాత సీరియల్ అల్లరి వాసన తగులుతుంది, కేకలు, పరుగులు, గెంతులు. వాటికి దర్శకుడు కజువో యమజాకి, ఉరుసెయ్ యాత్సురా రెండో సగం నడిపినవాడే. తర్వాత తకాషి అన్నో, 53 నుంచి చివరి దాకా నఓయుకి యోషినగా. మూడు చేతులు మారింది. ముందుకెళ్లే కొద్దీ సీరియల్ నెమ్మదిస్తుంది, మాటలు తగ్గుతాయి, వాన, మంచు, స్టేషన్ దారి, రైలు గేటు ఎక్కువవుతాయి. నా అభిప్రాయంలో చివరి మూడో వంతు జపాన్ టీవీ అనిమే మొత్తంలోనే ఎన్నదగిన పని. కాకపోతే మొదటి అల్లరి భరించిన వాళ్లకే ఆ నెమ్మది దక్కుతుంది.

ఇప్పుడు వీడియో సంగతికి వస్తాను.

1980లలో జపాన్‌లో ఒక వీడియో క్యాసెట్ కొనాలంటే పది వేల యెన్‌లు దాటడం మామూలే. అంత పెట్టి కొనేవాళ్లు తక్కువ. వీధి చివర అద్దె షాపులే ఎక్కువ మందికి దిక్కు. డబ్బున్న వీరాభిమానుల కోసం లేజర్ డిస్కులుండేవి, పళ్లెమంత పెద్దవి, బొమ్మ చాలా శుభ్రంగా ఉండేది. 1987లో ఉరుసెయ్ యాత్సురా మొత్తాన్నీ 50 లేజర్ డిస్కుల పెట్టెగా అమ్మారు. ధర 3,30,000 యెన్‌లు. ఒక టీవీ సీరియల్‌ని మొత్తంగా ఇంట్లో పెట్టుకోవడానికి ఒక మనిషి అంత ఖర్చు పెడతాడని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. పెట్టారు. జపాన్‌లో అనిమే వ్యాపారం ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ నమ్మకం మీదే నడిచింది. కొద్దిమంది, కానీ ప్రాణం పెట్టే వాళ్లు, ఎంత ధరైనా కొంటారన్న నమ్మకం. ఇప్పటికీ అక్కడ రెండు మూడు ఎపిసోడ్లున్న ఒక్క డిస్కు ఆరేడు వేల యెన్‌లు ఉండటం మనం చూస్తూనే ఉన్నాం.

టీవీ అక్కర్లేకుండా నేరుగా వీడియో కోసమే అనిమే తీయడం కూడా ఆ దశాబ్దంలోనే మొదలైంది. 1983 చివర్లో వచ్చిన ‘డాలోస్’ దానికి ఆద్యం. మమోరు ఒషీ తీశాడు, ఉరుసెయ్ యాత్సురా మొదటి 106 ఎపిసోడ్లు నడిపింది కూడా ఆయనే. రొమాంటిక్ కామెడీలకి ఈ దారి బాగా కలిసొచ్చింది. 1993-94లో ‘ఓ మై గాడెస్’ ఐదే ఐదు భాగాలుగా వీడియోలో వచ్చింది, టీవీ సీరియల్ కావడానికి 2005 దాకా పట్టింది. అది చాలా అందమైన పని. ఒక్కో బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ కనిపిస్తుంది. కానీ ఐదు భాగాల్లో ప్రేమ పుట్టినట్టు చూపించొచ్చు గానీ, ఏళ్ల తరబడి నానినట్టు చూపించలేం.

వీడియో అంటే గుర్తొచ్చింది, ‘వీడియో గర్ల్ ఐ’ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. మసకాజు కత్సురా గీసిన మాంగా, అంటే జపాన్ కామిక్స్ కథ, 1992లో ఆరు భాగాల వీడియోగా వచ్చింది. యోత అనే కుర్రాడు ప్రేమించిన అమ్మాయి అతని స్నేహితుణ్ని ప్రేమిస్తుంది. దిగులుగా తిరుగుతుంటే అంతకు ముందు ఎన్నడూ కనిపించని ఒక అద్దె షాపు కనిపిస్తుంది. ఒక టేపు తెచ్చుకుంటాడు. అందులో నిన్ను ఓదార్చడానికి నేనున్నానంటూ మెత్తగా మాట్లాడే అమ్మాయి. ఆ అమ్మాయి టీవీలోంచి నిజంగానే బయటికొస్తుంది. కాకపోతే ఇతని వీసీఆర్ పాడైపోయింది. అందుకని కవర్ మీద రాసిన సుగుణాలన్నీ తారుమారవుతాయి. మెత్తగా ఉండాల్సింది కాస్తా నోరున్న పిల్ల అవుతుంది, వంట బ్రహ్మాండంగా చేయాల్సింది నోట పెట్టలేనట్టు చేస్తుంది. టేపు ఉన్నంతసేపే ఆమె ఉంటుంది. క్యాసెట్ అద్దెకి తెచ్చుకుని, గడువులోపు వెనక్కి ఇచ్చేసిన తరానికి ఈ కథ ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. వీడియో అనే వస్తువునే ప్రేమకథలో పాత్రని చేసిన ధైర్యం నాకు చాలా ఇష్టం. వీలైతే ఇంకోసారి దాని గురించే కూర్చుందాం.

సరే, మన మేడ దగ్గరికి వద్దాం. ఈ సీరియల్ ఇంగ్లిష్ వాళ్లకి, వాళ్ల ద్వారా మన లాంటి వాళ్లకి ఎలా చేరింది?

అధికారికంగా చేరకముందు అమెరికాలో అభిమానులు తమంతట తామే సబ్‌టైటిల్స్ వేసుకునేవారు. జపాన్ నుంచి లేజర్ డిస్కు తెప్పించేవారు. అమిగా కంప్యూటర్‌కి జెన్‌లాక్ అనే పరికరం తగిలించి, నడుస్తున్న బొమ్మ మీద ఇంగ్లిష్ అక్షరాలు పడేలా చేసి, క్యాసెట్ మీదకి ఎక్కించేవారు. కావాల్సిన వాళ్లు ఖాళీ క్యాసెట్, తిరుగు పోస్టేజీ పంపితే కాపీ చేసి పంపేవారు. డబ్బు తీసుకోకూడదన్నది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న నియమం. ఏదైనా కంపెనీ హక్కులు కొంటే పంచడం ఆపేయాలన్నది ఇంకో నియమం. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ, నాలుగో చేతికి వచ్చేసరికి మొహాలు అలికేసినట్టు, రంగులు కారిపోయినట్టు ఉండేవి. ఆ బొమ్మలోనే జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఒకరికొకరు తెలియని మనుషులు, రాత్రుళ్లు మేలుకుని, పైసా లాభం లేకుండా చేసిన ఆ పని మీద నాకు అపారమైన గౌరవం ఉంది.

1990లలో విజ్ అనే సంస్థ మెజోన్ ఇక్కొకుని అమెరికాలో క్యాసెట్ల మీద తెచ్చింది. ఒక్కో క్యాసెట్‌లో రెండేసి ఎపిసోడ్లు. అప్పట్లో అనిమే క్యాసెట్ ఒక్కొక్కటి 25 నుంచి 35 డాలర్లు. ఇంకో చిక్కు, డబ్బింగ్ క్యాసెట్ వేరు, సబ్‌టైటిల్స్ క్యాసెట్ వేరు. సబ్‌టైటిల్స్ కొనేవాళ్లు తక్కువ కాబట్టి దానికే ధర ఎక్కువ. ఇప్పుడు లెక్క వేయండి. 96 ఎపిసోడ్లకి రెండేసి చొప్పున 48 క్యాసెట్లు. ముప్పై డాలర్లు చొప్పున వేసుకున్నా 1,400 డాలర్ల పైమాటే. రెండు గంటల సినిమాకైతే ఒక్కసారి పెడతాం. గొదాయ్ నోరు విప్పడం కోసం ఇంత పెట్టమంటే ఎంతమంది పెడతారు? అందుకే పొడవాటి ప్రేమకథలకి క్యాసెట్ ఎప్పుడూ సరిపడలేదు. ఆరు భాగాల యాక్షన్ వీడియోలు షెల్ఫుల్లో దర్జాగా నిలబడ్డాయి. ఇవి మాత్రం నడుమ ఆగి, మళ్లీ మొదలై, ఎలాగో ముందుకెళ్లాయి. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో గొదాయ్ గొంతు కూడా మధ్యలో మారిపోయింది. మొదట జేసన్ గ్రే స్టాన్‌ఫర్డ్, తర్వాత బ్రాడ్ స్వేల్. ఇద్దరూ మంచి నటులే. కానీ అన్ని గంటలు ఒక మనిషితో గడిపాక, అతను ఇంకో గొంతుతో ‘కేర్‌టేకర్ గారూ’ అని పిలిస్తే చెవి ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది. జపాన్ మూలంలో ఆ ఇబ్బంది లేదు. గొదాయ్‌కి ఇస్సెయ్ ఫుతమాత, క్యోకోకి సుమి షిమమోతో. షిమమోతో గొంతులో ఉన్న మర్యాద, ఆ మర్యాద కింద అణచిపెట్టిన కోపం, ఒక్కసారి విన్నవాళ్లు మరిచిపోలేరు.

డీవీడీ వచ్చాక కథ మారింది. ఒకే డిస్కులో జపనీస్ ఆడియో, ఇంగ్లిష్ డబ్బింగ్, సబ్‌టైటిల్స్ మూడూ. ఒక్క డిస్కులో నాలుగైదు ఎపిసోడ్లు. 2003 నుంచి విజ్ ఎనిమిది బాక్సులుగా మొత్తం 96 ఎపిసోడ్లూ పూర్తి చేసింది. అమ్మకాలు సాగక మధ్యలో వదిలేసిన సీరియళ్లు ఆ రోజుల్లో కొల్లలు. అలాంటిది చివరి దాకా తెచ్చారు, అందుకు వాళ్లకి నమస్కారం పెట్టాల్సిందే. కానీ తర్వాత ముద్రణ ఆగిపోయింది. మొదటి బాక్సు కొన్నంతమంది ఎనిమిదోది కొనరు కదా. అందుకని చివరి బాక్సులు తక్కువ సంఖ్యలో మార్కెట్లోకి వెళ్లాయి, సెకండ్ హ్యాండ్‌లో వాటి ధరలు కొండెక్కాయి. ఏ భాగంలో గొదాయ్ చివరికి మనసులో మాట చెప్పగలిగాడో, అదే దొరకడం కష్టమైంది.

మన దేశంలో ఉన్నవాళ్లకి ఇంకో గోడ. డీవీడీలకి ప్రాంతాల తాళాలుంటాయి. అమెరికాది ఒకటో ప్రాంతం, జపాన్‌ది రెండు, మనది ఐదు. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో సెలవులకి వస్తూ సూట్‌కేసులో డిస్కులు తెచ్చినా, ఇక్కడి ప్లేయర్ వాటిని లోపలికి తీసుకుని, ఈ డిస్కు చెల్లదని బయటికి తోసేసేది. దాంతో మల్టీ రీజియన్ ప్లేయర్ ఏ షాపులో దొరుకుతుందో వెతకడం ఒక పని. బ్లూ రేలో ఆ గోడ కొంచెం జరిగింది, పోలేదు. జపాన్, అమెరికా రెండూ ‘ఏ’ ప్రాంతంలోకి వెళ్లాయి, మనల్ని ‘సీ’లో పెట్టారు. జపాన్, అమెరికా ఒకే ప్రాంతం కావడంతో అక్కడ ఇంకో తంటా వచ్చింది. అమెరికాలో చవగ్గా దొరికే డిస్కుని జపాన్ వాళ్లు తెప్పించుకుంటే తమ ఖరీదైన డిస్కులు ఎవరు కొంటారని అక్కడి కంపెనీలకి భయం పట్టుకుంది. కొన్ని అమెరికన్ డిస్కుల్లో జపనీస్ ఆడియో పెట్టుకుంటే సబ్‌టైటిల్స్ తీసేయడానికి వీల్లేకుండా చేయడం వెనక ఉన్నది ఆ భయమే.

డిస్కు అంటే అన్నీ మంచివేనని చెప్పడం లేదు. 24వ ఎపిసోడ్ సంగతి వినండి. ఈ సీరియల్ మొదటి పాట యుకి సయితో పాడిన ‘కనాషిమి యో కొన్నిచివా’, దుఃఖాన్ని పలకరించే పాట, కానీ హుషారుగా ఉంటుంది. 24వ ఎపిసోడ్‌కి మాత్రం, ఆ ఒక్క వారం, మొదట్లో ఐరిష్ గాయకుడు గిల్బర్ట్ ఓ సల్లివన్ పాట ‘అలోన్ ఎగైన్’ వేశారు. చివర కూడా ఆయన పాటే ఇంకొకటి. ‘అలోన్ ఎగైన్’ 1972లో ప్రపంచమంతా విన్న పాట, ఒంటరితనం గురించి. మెజోన్ ఇక్కొకు కథతో 1986లోనే నటీనటులతో తీసిన సినిమాకి కూడా ఆ పాటే వాడారు. భర్త పోయిన అమ్మాయి కథకి ఆ పాట ఎంత సరిపోతుందో ఊహించుకోండి. కానీ పాట హక్కులు వేరు, సీరియల్ హక్కులు వేరు. బయటి దేశాల్లో వచ్చిన వీడియోల్లో ఆ పాట తీసేసి మామూలు పాటే పెట్టారు. ఆ బుధవారం రాత్రి టీవీ ముందు కూర్చున్న జపాన్ పిల్లలు చూసిన ఎపిసోడ్, మన చేతిలో ఉన్న ఎపిసోడ్ ఒకటి కావు. ఒక సీరియల్‌ని కాపాడటమంటే బొమ్మని కాపాడటమే కాదు, ఆ ఒక్క వారం మోగిన పాటని కూడా కాపాడటం. అది కాగితాల మీద సంతకాలతో జరిగే పని, దానికి ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

బొమ్మ విషయంలో మాత్రం ఈ కాలపు సీరియళ్లు అదృష్టవంతులు. అప్పటి టీవీ అనిమే చాలావరకు 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసేవారు. పారదర్శకమైన షీట్ల మీద రంగులేసి, ఒక్కో ఫ్రేమూ కెమెరాతో ఫొటో తీసేవారు. ఆ నెగెటివ్ భద్రంగా ఉంటే, ఇవాళ కొత్త స్కానర్ మీద పెట్టి క్యాసెట్‌లో ఎన్నడూ కనిపించని గీతల్ని బయటికి తీయొచ్చు. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు వచ్చిన సీరియళ్లకి ఆ భాగ్యం లేదు. అవి నేరుగా కంప్యూటర్‌లో, అప్పటి టీవీకి సరిపడా చిన్న సైజులో తయారయ్యాయి. వెనక ఫిల్మ్ లేదు. సాగదీయడం తప్ప చేయగలిగింది లేదు. అందుకే 1986 సీరియల్ బ్లూ రేలో నిగనిగలాడుతుంటే, దానికంటే పదిహేనేళ్లు చిన్నదైన సీరియల్ మసకమసగ్గా కనిపిస్తుంది. మీలో పాత క్యాసెట్లు దాచుకున్నవాళ్లుంటే ఒక మాట, మన కోస్తా తేమకి టేపు మీద బూజు పడుతుంది. బూజు పట్టిన క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్ కూడా పాడవుతుంది. ముందు శుభ్రం చేయించండి.

ఇంట్లో డిస్కు ఉండటం వల్ల ఈ కథకి ఏం ఒరిగిందో ఒక చోటు చూపిస్తాను. క్యోకో రోజూ పొద్దున్న, సాయంత్రం వాకిలి ఊడుస్తూ ఉంటుంది. కోడిపిల్ల బొమ్మ ఉన్న ఏప్రాన్, చేతిలో వెదురు చీపురు. గొదాయ్ బయటికెళ్తూ వెళ్లొస్తానంటాడు, ఆమె వెళ్లి రండి అంటుంది. తిరిగొచ్చినప్పుడు వచ్చారా అంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది కేవలం సీన్ మొదలవడానికి వాడుకున్న పద్ధతిలా ఉంటుంది, మన కళ్లు దాటిపోతాయి. అంతా చూసేసి మళ్లీ మొదటికి వచ్చినప్పుడు తెలుస్తుంది, ఆమె మనసు మొత్తం ఆ పలకరింపులోనే ఉందని. కోపంగా ఉన్న రోజు చీపురు దుమ్ము రేగేలా పడుతుంది, తల ఎత్తదు, మాట మాత్రం మర్యాదగానే వస్తుంది. ఆమె గొంతు సగం స్థాయి తగ్గిన రోజు ఏదో జరిగి ఉంటుంది, అది ఏమిటో రెండు ఎపిసోడ్ల వెనక ఉంటుంది. ఆపి, వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. బుధవారం రాత్రి టీవీలో ఒక్కసారి చూసినవాళ్లకి ఆ వీలు లేదు.

ఇంకొకటి, ముగింపుకి దగ్గర్లోది. ఇది ముందే చెప్పేస్తే కథ పాడవుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను, వీళ్లిద్దరూ ఒకటవుతారని మొదటి ఎపిసోడ్‌లోనే అందరికీ తెలుసు. క్యోకో భర్త సమాధి దగ్గరికి వెళ్తుంది. అప్పటికే అక్కడ గొదాయ్ ఉంటాడు, కుక్కతో సహా. ఆమె వచ్చిందని అతనికి తెలియదు. అతను ఆ రాయితో మాట్లాడుతుంటాడు. ఏళ్లుగా అతను మనసులో పోరాడుతున్నది బతికున్న మితాకాతో కాదు, చనిపోయిన ఈ మనిషితోనే. ఫొటోలో కూడా మనకి మొహం చూపించని మనిషితో. ఇప్పుడతను ఆ మనిషితో అనే మాటల సారాంశం ఏమిటంటే, మీరు ఆమె మనసులో భాగం, మీతో కలిపే ఆమెని నేను తీసుకెళ్తాను అని. మర్చిపొమ్మనడం లేదు, నన్ను ఎక్కువ ప్రేమించమనడం లేదు. క్యోకో వెనక నిలబడి అంతా వింటుంది. ఆమె భయానికి ఇంతకంటే సరైన జవాబు ఎవరూ ఇవ్వలేరు. ఈ సీన్ ఒక్కటే తీసి ఎవరికైనా చూపించండి, బాగుంది అంటారు, అంతే. 90కి పైగా ఎపిసోడ్ల తర్వాత చూసినవాళ్లు ఏమంటారో ఇక్కడ చూసినవాళ్లని అడగండి. 96 ఎపిసోడ్లనీ ఒకే వీడియోలో కుదించిన సంకలనం కూడా వచ్చింది. బొమ్మలన్నీ ఉన్నాయి అందులో. గడిచిన కాలం లేదు.

ఇప్పుడు మీలో చాలామంది ఆన్‌లైన్‌లోనే చూస్తున్నారు. ‘సోలో లెవెలింగ్’ లాంటివి తెలుగు డబ్బింగ్‌లో వస్తున్నాయి, దానికి నేను నిజంగా సంబరపడుతున్నాను. మా అమ్మ వయసు వాళ్లు కూడా పిల్లలతో కూర్చుని చూడగలుగుతున్నారు. కానీ నెలనెలా డబ్బు కట్టి చూసేది మనది కాదు. హక్కుల గడువు అయిపోతే ఒక రాత్రి లిస్టులోంచి మాయమవుతుంది, సగంలో ఉన్నా సరే. చాలా ఎపిసోడ్లు చూశాక, యాగామి అనే స్కూలమ్మాయి ఇప్పుడే గొదాయ్ వెంటపడటం మొదలుపెట్టిందనుకోండి, అక్కడ ఆగిపోతే ఎలా ఉంటుంది? కొత్త హిట్ సీరియళ్లు ఎలాగూ దొరుకుతాయి. నెమ్మదిగా నడిచే పాత ప్రేమకథల కోసం ఎవరూ మళ్లీ మళ్లీ హక్కులు కొనరు. అందుకే ఇష్టమైన సీరియల్ డిస్కుల మీద దొరికితే కొనమని, కొన్నవాళ్లు అరువిమ్మని అడుగుతుంటాను. అరువు తీసుకున్నవాళ్లు తిరిగివ్వాలని కూడా.

మన క్లబ్ వాళ్లతో మాట్లాడాను. వచ్చే ఆదివారం నుంచి ఇదే గదిలో వారానికి రెండు ఎపిసోడ్ల చొప్పున వేద్దామనుకున్నాం. ఆ లెక్కన దాదాపు ఏడాది పడుతుంది, పండగలకి సెలవులు కలిపితే ఇంకొంచెం ఎక్కువ. ఇంట్లో ఒక్క వారంలో చూసేయగలిగినవాళ్లు కూడా దయచేసి ముందుకెళ్లిపోకండి, మాతో పాటే రండి. జపనీస్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. ఇంగ్లిష్ చదవడం ఇబ్బంది అనుకునేవాళ్లు ముందు వరసలో కూర్చోండి, ముఖ్యమైన మాటలు నేను తెలుగులో చెబుతూ ఉంటాను. మొదటి ఎపిసోడ్ మాత్రం ఇవాళే చూద్దాం. ఎవరైనా ఆ కిటికీల కర్టెన్లు వేస్తారా?